మూడంతస్తుల కేక్ ఒరగకుండా నిలబడాలంటే ఏం చెయ్యాలి? (రెండంతస్తులే ఒరిగిపోయింది, సాయం కావాలి)

వెన్నముద్ద
అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్ళికి కేక్ నేనే చేస్తానని మాటిచ్చాను. ఇంకా మూడు వారాలుంది. 10, 8, 6 అంగుళాలతో మూడు అంతస్తులు అనుకున్నాం. ఒక్క అంతస్తు కేకులు చాలానే చేశాను, వాటితో భయం లేదు.

పోయిన ఆదివారం ప్రాక్టీసు కోసం 8 మీద 6 పెట్టి చూశాను. పెట్టినప్పుడు బాగానే ఉంది. గంట తర్వాత చూస్తే పై కేక్ ఒక పక్కకి వాలింది. ఇంకో అరగంటకి కింది కేక్ నడుము దగ్గర బీట వచ్చి, అందులోంచి జామ్ కారడం మొదలైంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

నేను చేసింది ఇదీ: వెనీలా స్పాంజ్, మధ్యలో స్ట్రాబెర్రీ జామ్, పైన విప్పింగ్ క్రీమ్. కింది కేక్‌లో నాలుగు సన్నటి వెదురు పుల్లలు గుచ్చి, ఎక్కడి పుల్లని అక్కడి కేక్ ఎత్తుకి కత్తిరించాను. స్పాంజ్ మరీ మెత్తగా ఉండటమే కారణమా? ఇంకా గట్టి కేక్ చేస్తే మోస్తుందా?

పదేళ్ళఓవెన్
వెన్నముద్ద గారూ, ముందు ఒక్క మాట చెప్పండి. పై కేక్ కింద అట్ట బోర్డు పెట్టారా?

వెన్నముద్ద
లేదండీ. బేకింగ్ పేపర్ ఒకటి ఉంది, అంతే. బోర్డు అంచు కనపడితే బాగోదని పెట్టలేదు.

పదేళ్ళఓవెన్
అయితే మీ స్పాంజ్ తప్పేమీ లేదు. కేక్ కేక్‌ని మోయదు, మోయకూడదు కూడా. పై అంతస్తు బరువు దాని కింది బోర్డు మీద పడాలి. ఆ బోర్డు పుల్లల మీద కూర్చోవాలి. పుల్లలు కింది అంతస్తు బోర్డు మీద ఆనాలి. మధ్యలో ఉన్న కేక్ ఆ పుల్లల్ని నిటారుగా పట్టుకుని ఉంటే చాలు, దాని పని అంతే.

బోర్డు లేకపోతే పుల్లలు పై కేక్‌లోకి దిగిపోతాయి. మీకు జరిగింది అదే. పై కేక్ పుల్లల మీదుగా నెమ్మదిగా కిందికి దిగి, బరువంతా కింది కేక్ మీద కూర్చుంది. అది నలిగి పక్కలకి ఉబ్బింది, బీట ఇచ్చింది, జామ్‌కి దారి దొరికింది. మీరు ఎంత గట్టి కేక్ చేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే గంట బదులు మూడు గంటలు పడుతుంది.

ప్రతి అంతస్తుకీ దాని సైజుదే గుండ్రటి బోర్డు పెట్టండి. 6 అంగుళాల కేక్‌కి 6 అంగుళాల బోర్డు. క్రీమ్ రాశాక అంచు అసలు కనపడదు. అట్ట పల్చగా ఉంటే రెండు కలిపి అతికించండి. చేత్తో ఎత్తితే మధ్యలో వంగకూడదు. అన్నిటికన్నా కింద ఉండే పీఠం మాత్రం వేరు. అది కనీసం 12 మిల్లీమీటర్ల మందం ఉండాలి, కింది కేక్ కన్నా 3, 4 అంగుళాలు వెడల్పు ఉండాలి. మూడంతస్తులూ కలిపి 7, 8 కిలోలకి తక్కువ ఉండదు, దాన్ని ఇద్దరు పట్టుకుని నడవాలి కదా.

రసమట్టం
నేను వడ్రంగం పని చేస్తాను. మా అమ్మాయి కోసం కేకులు నేర్చుకున్నాను. ఓవెన్ గారు చెప్పిన దానికి నా పని వైపు నుంచి కొంచెం కలుపుతాను.

"ఎక్కడి పుల్లని అక్కడి కేక్ ఎత్తుకి కత్తిరించాను" అన్నారు. రెండో తప్పు అక్కడుంది. కేక్ పైభాగం మన కంటికి చదునుగా కనిపించినా ఒక పక్క రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంటుంది. దాన్ని బట్టి పుల్లలు కోస్తే ఆ వాలే పై అంతస్తుకీ వస్తుంది. మంచానికి కోళ్ళు చేసేటప్పుడు నాలుగూ ఒకే కొలతకి కోస్తాం. ఇదీ అంతే.

నేను చేసే పద్ధతి: కేక్ ఎక్కడ ఎక్కువ ఎత్తు ఉందో చూసి అక్కడ ఒక పుల్ల దించుతాను, కింది బోర్డుకి తగిలేదాకా. క్రీమ్ అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి కోస్తాను. మిగతావన్నీ దాని పక్కన పెట్టి దాని కొలతకే. కోశాక అన్నిటినీ బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టి, వాటి తలల మీదుగా చూపుడువేలు మెల్లగా లాగండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా వేలికి గుచ్చుకున్నట్టు తెలుస్తుంది, కంటికి తెలియదు. ఎక్కువైన దాన్ని గరుకు కాగితం మీద రెండు సార్లు రుద్దితే సరిపోతుంది. తర్వాత కడిగి ఆరబెట్టండి.

ఇక సన్నపుల్లల సంగతి. నిలువు బరువుకి అవి విరగవు. కానీ పక్కకి చిన్న కదలిక వచ్చినా కత్తిలా కేక్‌ని కోసుకుంటూ వాలిపోతాయి. నాలుగూ ఒకే వైపుకి వాలితే పై అంతస్తు మొత్తం అటే పోతుంది. కుర్చీ కాళ్ళన్నీ వదులైతే కూర్చోగానే ఒక పక్కకి ఎలా ఒరుగుతుందో అలా. అందుకే లావుపాటి పుల్లలు కావాలి. లావుగా ఉంటే కేక్‌లో కోసుకుపోవు, పైన బోర్డుకి ఆనే చోటూ ఎక్కువ ఉంటుంది.

వెన్నముద్ద
ఇద్దరికీ చాలా థాంక్స్. ఇన్ని రోజులూ పిండి కొలతల్లో తప్పు వెతుకుతున్నాను! ఎన్ని పుల్లలు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

పదేళ్ళఓవెన్
పైన కూర్చునే అంతస్తు వెడల్పుని బట్టి లెక్క. 6 అంగుళాలకి 4, 8 అంగుళాలకి 6. పై అంతస్తు సైజు టిన్నుని కింది కేక్ మీద బోర్లించి, పైపైన తాకించి టూత్‌పిక్‌తో చుట్టూ గీత గీయండి. ఆ గీతకి ముప్పావు అంగుళం లోపల వలయంలా సమాన దూరంలో గుచ్చండి. గీత మీదే గుచ్చితే బోర్డు అంచు దాటి బయటికి కనిపిస్తుంది. మరీ లోపలికి గుచ్చితే అంచులు ఊగుతాయి. అన్నిటికన్నా పైనున్న కేక్‌లో ఏమీ గుచ్చక్కర్లేదు, దాని మీద బరువు లేదు కదా.

చిన్నవంటిల్లు
బబుల్ టీ స్ట్రాలు వాడండి. లావుగా ఉంటాయి, కత్తెరతో తెగుతాయి, లోపల బోలు కాబట్టి గుచ్చినప్పుడు కేక్‌ని పక్కకి నెట్టవు. నేను నాలుగైదు కేకులకి వాడాను.

రసమట్టం
స్ట్రాలా? ప్లాస్టిక్ గొట్టం నిలువుగా 4 కిలోలు మోస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదండీ. మధ్యలో నొక్కుకుపోతే?

చిన్నవంటిల్లు
చుట్టూ కేక్ ఉంటుంది కదండీ, వంగడానికి చోటుండదు. ఒకసారి పరీక్ష చేసి చూడండి.

రసమట్టం
చేశాను. నాలుగు స్ట్రాలు 4 అంగుళాలకి కోసి, కేక్ కూడా లేకుండా వట్టి బల్ల మీద నిలబెట్టి, పైన ప్లైవుడ్ ముక్క, దాని మీద 3 కిలోల మేకుల డబ్బా పెట్టాను. రాత్రంతా అలాగే ఉంది. నా అనుమానం తప్పు, చిన్నవంటిల్లు గారు చెప్పిందే నిజం. ఒక్క షరతు: కోత అడ్డంగా తిన్నగా ఉండాలి. కత్తెర ఏటవాలుగా తెగితే ఒక్క మొన మీదే బరువు పడి అక్కడ మడత పడుతోంది. వాటిలో ఒకటి అలా పాడైతే తీసేసి మళ్ళీ కోశాను. కాగితం స్ట్రాలు మాత్రం వద్దు, కేక్ తడికి నానిపోతాయి.

గుడ్డులేకుండా
నాదో అనుభవం. గుడ్లు లేని కేకులు పొడిపొడిగా రాలతాయి, పుల్ల గుచ్చితే చుట్టూ కేక్ విరిగి రంధ్రం పెద్దదవుతుంది. అంతస్తుని 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి బాగా గట్టిపడ్డాక గుచ్చితే ఆ బాధ లేదు. గుడ్లు వేసినా వెయ్యకపోయినా చల్లటి కేక్‌తోనే పని చెయ్యండి. ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు వేళ్ళ గుర్తులు కూడా పడవు.

పదేళ్ళఓవెన్
జామ్ సంగతి, క్రీమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

జామ్‌ని అంచు దాకా రాయకూడదు. ప్రతి పొర మీదా ముందు అంచుకి సెంటీమీటరు లోపలగా గట్టి బటర్‌క్రీమ్‌తో (వెన్న, పంచదార పొడి కలిపి గిలక్కొట్టిన క్రీమ్) గట్టు కట్టండి. పొలానికి గట్టు వేసినట్టే. జామ్ ఆ గట్టుకి లోపలే ఉండాలి, గట్టు ఎత్తు దాటకూడదు. పొరలన్నీ పేర్చాక ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైన తేలికపాటి పళ్ళెం పెట్టి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలెయ్యండి. కేక్ దిగాల్సినంతా అప్పుడే దిగుతుంది. ఈ పని చెయ్యకుండా వెంటనే పైన క్రీమ్ రాస్తే, మర్నాటికి లోపల పొరలు దిగి, చిక్కుకున్న గాలి బయటికి తోసి, నడుము చుట్టూ టైరులా ఉబ్బు వస్తుంది. చాలామంది దాన్ని చూసి కేక్ కూలిపోతోందని కంగారు పడతారు.

విప్పింగ్ క్రీమ్ మూడంతస్తులకి వద్దు. బయట పెట్టిన కాసేపటికే నీరసపడుతుంది. బటర్‌క్రీమ్ ఫ్రిజ్‌లో రాయిలా బిగుస్తుంది కాబట్టి పేర్చడానికి బాగుంటుంది. కానీ వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే, గది 25 దాటితేనే మెత్తబడి జారుతుంది. గది వెచ్చగా ఉంటుందనుకుంటే గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి కరిగించిన పూత) ఎంచుకోండి. డార్క్ చాక్లెట్ అయితే 2 వంతులకి 1 వంతు క్రీమ్, మిల్క్ చాక్లెట్, వైట్ చాక్లెట్ అయితే 3 వంతులకి 1 వంతు. బరువు తూచి కలపండి, కప్పులతో కాదు. వైట్ చాక్లెట్‌తో వేడి రోజున 4 కి 1 కూడా కలుపుతాను.

తెల్లకాగితం
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను కొత్త. 6 అంగుళాల కేక్ కొలతలు నా దగ్గర ఉన్నాయి. 10 అంగుళాలకి ఎంత పెంచాలి? 10 ని 6 తో భాగిస్తే ఒకటిన్నరకి కొంచెం ఎక్కువ వస్తోంది, అంతేనా?

రసమట్టం
కాదండీ. వెడల్పుతో వెడల్పుని గుణించి పోల్చాలి. 6 కి 36, 8 కి 64, 10 కి 100. అంటే ఒకే ఎత్తుకి 8 అంగుళాల కేక్‌కి దాదాపు 1.8 రెట్లు పిండి, 10 కి దాదాపు 2.8 రెట్లు. 6 కి మూడు గుడ్లు వేస్తే 8 కి ఐదు, 10 కి ఎనిమిది.

గుడ్డులేకుండా
10 అంగుళాల టిన్ను మీ ఓవెన్‌లో పడుతుందో లేదో ఇవాళే కొలవండి! తలుపు మూసుకోవాలి, చుట్టూ గాలి తిరగడానికి చోటుండాలి. మంట 160 డిగ్రీలకి తగ్గించి ఎక్కువ సేపు ఉంచండి. టిన్ను చుట్టూ తడిపి పిండిన గుడ్డ పట్టీ కడితే అంచులు ముందే బిగుసుకోవు, మధ్యలో గుట్టలా పొంగదు. కోసి పారేసేది తగ్గుతుంది.

వెన్నముద్ద
కొలిచాను, పడుతుంది. అయితే రెండు టిన్నులు ఒకేసారి పట్టవు, ఒకటి అయ్యాక ఒకటి.

ఇంకో ప్రశ్న. మొత్తం కేక్ మధ్యలోంచి ఒక పొడుగాటి కర్ర దింపాలని ఒక వీడియోలో చూశాను. నిజంగా అవసరమా?

చిన్నవంటిల్లు
నేను ఎప్పుడూ వెయ్యలేదు. రెండంతస్తులు ఇంట్లోనే పెట్టి ఇంట్లోనే కోస్తే అక్కర్లేదు.

పదేళ్ళఓవెన్
రెండుకి అక్కర్లేదేమో. మూడుకి, అందులోనూ కారులో తీసుకెళ్ళే దానికి తప్పకుండా వెయ్యండి. పుల్లలు కిందికి పడే బరువు మోస్తాయి. కారు బ్రేక్ వేసినప్పుడు అంతస్తు ముందుకి జారకుండా ఆపేది మధ్య కర్ర.

రసమట్టం
ఔను. అయితే కర్ర కింద పీఠంలో పాతుకుని ఉంటేనే ఆ లాభం. వట్టి కేక్‌లో నిలబడితే అదీ కేక్‌తో పాటే ఊగుతుంది.

రెండు దారులున్నాయి. ఒకటి: అంతస్తులు పేర్చాక ఒక చివర పెన్సిల్‌లా చెక్కిన కర్రని పైనుంచి సుత్తితో కొట్టి, బోర్డులన్నిటినీ చీల్చుకుంటూ పీఠం దాకా దింపడం. అట్ట బోర్డులైతే దిగుతుంది, కానీ ఒక్కో దెబ్బకీ కేక్ అదురుతుంది, క్రీమ్ మీద గీతలు పడతాయి. రెండోది నాకు నచ్చింది: 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పీఠానికి మధ్యలో కర్ర నిలబెట్టి, అడుగు నుంచి స్క్రూ బిగించడం. స్క్రూ తల బయటికి పొడుచుకు రాకుండా చెక్కలోకి దించండి, లేకపోతే పీఠమే ఊగుతుంది. ప్రతి బోర్డుకీ క్రీమ్ రాయకముందే సరిగ్గా మధ్యలో రంధ్రం చేసుకోవాలి. తర్వాత అంతస్తుల్ని ఒక్కొక్కటిగా పైనుంచి కర్రలోకి దించుకుంటూ రావడమే. ఒక్కో అంతస్తు 4 అంగుళాలైతే కర్ర 11 అంగుళాలు చాలు, పై కేక్‌లోనే దాక్కుంటుంది. పీఠానికి తినే వస్తువుకి తగిలించదగ్గ ఫాయిల్ చుట్టండి. ప్లైవుడ్‌ని అలాగే వదలొద్దు.

వెన్నముద్ద
రిహార్సల్ రిపోర్టు. రసమట్టం గారు చెప్పినట్టే పీఠం చేయించుకున్నాను. 10, 8 మాత్రం పేర్చాను. రెండు రాత్రులు ఫ్రిజ్, తర్వాత బల్ల మీద ఐదు గంటలు. కదల్లేదు! ఫోన్‌లో మట్టం చూపించే యాప్ పెట్టి చూశాను, బుడగ సరిగ్గా నడిమధ్యలో నిలబడింది.

ఒక్క లోపం. వెనక వైపు పై బోర్డుకీ కింది కేక్‌కీ మధ్య ఒక వేలి గోరు పట్టేంత సందు వచ్చింది. పుల్లలు అన్నీ ఒకే ఎత్తు, వేలితో లాగి చూశాను.

రసమట్టం
అది లోపం కాదు, మీ పుల్లలు సరిగ్గా పని చేస్తున్నాయనడానికి గుర్తు. కింది కేక్ ఆ పక్క కొంచెం పల్లంగా ఉంది, అయినా పై అంతస్తు దాన్ని పట్టించుకోకుండా మట్టంగా కూర్చుంది. ఆ సందులో క్రీమ్‌తో సన్న ముత్యాల వరస వెయ్యండి, కనపడదు. సందు మూసుకోవాలని పుల్లల్ని మాత్రం కురచ చెయ్యకండి.

పదేళ్ళఓవెన్
ప్రయాణం గురించి. కారు సీటు మీద పెట్టకండి, సీటు వెనక్కి వాలి ఉంటుంది. వెనక డిక్కీలో కానీ, ముందు సీటు కింద కాళ్ళు పెట్టుకునే చోట కానీ, చదునుగా ఉన్న దగ్గర జారని రబ్బరు చాప వేసి దాని మీద. ఏసీ పావుగంట ముందే ఆన్ చెయ్యండి. కేక్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి, లోపలి దాకా చల్లబడిన క్రీమ్ చాలా సేపు గట్టిగా పట్టి ఉంచుతుంది. బయటికి తీశాక పైన చెమట పడితే తుడవకండి, ముట్టుకుంటే మచ్చ పడుతుంది. దానంతట అదే ఆరుతుంది.

పూలు పెడతారా? పెడితే కాడల్ని నేరుగా కేక్‌లో గుచ్చకండి. గన్నేరు లాంటి విషపు పూలు పొరపాటున కూడా దగ్గరికి రానివ్వొద్దు.

వెన్నముద్ద
పూలు క్రీమ్‌తోనే వేస్తున్నాను. మీ మాట విన్నాక నిజం పూల జోలికి వెళ్ళను.

వెన్నముద్ద
నిన్న పెళ్ళి అయింది. ఇప్పుడే కూర్చుని టైప్ చేస్తున్నాను.

కింది రెండంతస్తులూ ఇంట్లోనే కర్రలోకి దించి తీసుకెళ్ళాను. పైది విడిగా పెట్టెలో, అక్కడికెళ్ళాక పెట్టాను. 40 నిమిషాల ప్రయాణం. నేను వెనకే కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను. ఒక చోట కారు గట్టిగా ఆగింది, నా గుండె ఆగినంత పనైంది. పెట్టె కదిలింది కానీ లోపల 8 అంగుళాల అంతస్తు అంచు, దాని కింద నేను వేసిన ముత్యాల వరస, రెండూ ఒకదాన్నొకటి వదల్లేదు. ఒక్క ముత్యం కూడా నలగలేదు.

పై అంతస్తు దించేటప్పుడు చేతులు వణికాయి. మా తమ్ముడు ఎదురుగా వంగి కర్ర కొనకీ బోర్డు రంధ్రానికీ సూటి చూసి "కొంచెం కుడికి, ఆఁ, దించక్కా" అన్నాడు. వేళ్ళకి బదులు రెండు పాలెట్ కత్తులు కింద పెట్టి దించి, ఒకటొకటిగా లాగేశాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా నిలబడింది. మా చెల్లి కోసే దాకా నేను సరిగ్గా భోజనం చెయ్యలేదు. కోశాక రెండు ముక్కలు తిన్నాను.

చిన్నవంటిల్లు
చదువుతుంటేనే కళ్ళు చెమర్చాయి. చాలా చాలా సంతోషం!

పదేళ్ళఓవెన్
శుభాకాంక్షలు వెన్నముద్ద గారూ. ముక్కలు పంచేముందు పుల్లలన్నీ తీశారా? లెక్క చూసుకున్నారా? అది నేను ముందే చెప్పాల్సింది.

వెన్నముద్ద
చూసుకున్నాను. పైనుంచి ఒక్కో అంతస్తూ బోర్డుతో సహా ఎత్తి పక్కన పెట్టి, పుల్లలు తీసి, తర్వాతే కోశాం. 10 లో ఆరు, 8 లో నాలుగు, మొత్తం పది. పదీ నా ముందున్న గ్లాసులోకి వచ్చేదాకా ఎవరికీ ముక్క ఇవ్వలేదు.

తెల్లకాగితం
చాలా బాగుందండీ. నేను చదరపు కేకులు చేస్తాను. 6 అంగుళాల చదరానికి కూడా నాలుగు పుల్లలు చాలా?

రసమట్టం
చదరానికి మూలలు దూరం. పై బోర్డు నాలుగు మూలలకీ అంగుళం లోపలగా ఒక్కోటి పెట్టండి, నడిమధ్యలో ఐదోది. 8 అంగుళాల చదరం అయితే ప్రతి పక్క మధ్యలోనూ ఇంకొకటి. ఒక మూలకి వేలితో మెల్లగా నొక్కి చూడండి, ఎదురు మూల లేవకపోతే సరిపోయినట్టే.